పిలువని పేరంటం

ఉత్తరాంధ్రలో వరినాట్లను ఉభాలు అంటారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో ఉభాలు ముగిసిన రెండు నెలలకు వంశధార, నాగావళి కాలువల కింది మడులు ముదురాకుపచ్చగా కమ్ముకొని కనిపిస్తాయి. వేసిన ఎరువు పైరుకు పట్టిందని రైతు సంతోషించే రోజులవి. రాత్రులు క్రమంగా చల్లబడతాయి. తెల్లవారేసరికి ఆకుల మీద మంచు బొట్లుబొట్లుగా నిలిచి ఉంటుంది. అటువంటి ఒక ఉదయాన గట్టు మీద నిలబడిన రైతుకు ఆకుల మీద నూలుకండె ఆకారంలో చిన్న చిన్న మచ్చలు కనబడతాయి. మచ్చ నడుమ బూడిదరంగు, అంచున గోధుమరంగు. మరికొన్ని రోజులకు మచ్చలు ఒకదానితో ఒకటి కలిసి, మడిలో ఒక మూల నిప్పు సోకినట్లు ఎండిపోతుంది. అందుకే ఈ వ్యాధికి అగ్గితెగులు అని పేరు వచ్చింది.

రైతు ఒక ఆకు తెంపుకొని మందుల దుకాణానికి వెళతాడు. అతడు కౌలుదారు అయి, యూరియా కూడా అప్పు మీద తెచ్చినవాడైతే, ఆ ఆకు అతని చేతిలో ఎంత బరువుగా ఉంటుందో చెప్పనక్కరలేదు. దుకాణంలో ఏదో ఒక మందు దొరుకుతుంది. కాని ఆ మడిలో జరుగుతున్నదేమిటి? తింటున్నది ఎవరు? వారు తింటున్నది దేనిని? నోరు, పళ్ళు, పొట్ట ఏవీ లేని ఒక జీవి ఎకరాల కొద్దీ పంటను ఎలా ఆరగించగలుగుతున్నది? ఈ ప్రశ్నలకు సమాధానం తెలిస్తే, ఒక తెగులుకు పనికివచ్చిన ఉపాయం పక్క తెగులుకు ఎందుకు పనికిరాదో కూడా తెలుస్తుంది.

అగ్గితెగులును కలిగించేది ఒక శిలీంధ్రం. వాన వెలిసిన తరువాత పెంటదిబ్బ మీద మొలిచే పుట్టగొడుగు, నిలవ ఉన్న రొట్టె మీద పట్టే బూజు, ముంజేతి మీద వచ్చే తామర అన్నీ శిలీంధ్రాల పనే. వీటికి మొక్కలలో ఉండే పత్రహరితం లేదు. కనుక సూర్యరశ్మితో ఆహారం తయారు చేసుకోలేవు. జంతువులవలె మింగలేవు కూడా. ఎందుకంటే ప్రతి శిలీంధ్ర కణం చుట్టూ కైటిన్ అనే గట్టి పదార్థంతో కట్టిన గోడ ఉంటుంది. ఆ గోడ గుండా పెద్ద తునక ఏదీ లోపలికి పోదు. నీటిలో కరిగిన చక్కెర, అమైనో ఆమ్లాలు, ఖనిజ లవణాలు వంటి చిన్న అణువులు మాత్రమే పోతాయి.

ఈ చిక్కును శిలీంధ్రం ఒక విచిత్రమైన పద్ధతిలో పరిష్కరించుకొన్నది. మనం ముందు తిని తరువాత జీర్ణం చేసుకొంటాం. అది ముందు జీర్ణం చేసి తరువాత తింటుంది. శిలీంధ్ర శరీరం సన్నని పోగులతో అల్లుకొన్న వల వంటిది. ఆ పోగుల కొనలనుండి ఎంజైములు బయటికి స్రవిస్తాయి. అవి ఎదురుగా ఉన్న పిండిపదార్థాన్ని, పీచును, మాంసకృత్తులను చిన్న అణువులుగా విడగొడతాయి. కరిగిన ఆ రసాన్ని పోగు తన గోడ గుండా పీల్చుకొంటుంది. మనకు కడుపు లోపల జరిగే పని దానికి బయట జరుగుతుంది. అది తన భోజనంలోనే నివసిస్తుంది, దానిలోనే పెరుగుతుంది.

ఎండుటాకుల మీద, పుచ్చిన దుంగల మీద బతికే శిలీంధ్రాలను పూతికాహారులంటారు. వాటితో మనకు తగవు లేదు, పైగా మేలే ఉన్నది. అవి లేకపోతే నేలమీద రాలిన ఆకు నేలలో కలవదు. చిక్కంతా ప్రాణమున్న దేహం మీద ఆధారపడే పరాన్నజీవులతోనే. జీవశాస్త్రం అటువంటి దేహాన్ని ఆతిథేయి అంటుంది. పీట వేసి వడ్డించే వారికి తగిన మాట అది. ఇక్కడ పిలుపూ లేదు, పీటా లేదు. అయినా శాస్త్రజ్ఞులు స్థిరపరచిన మాట కనుక మనమూ వాడుకొందాం.

అగ్గితెగులు శిలీంధ్రం పేరు మాగ్నపోర్తె ఒరైజే. దాని సిద్ధబీజం మూడు అరలు గల సూక్ష్మమైన బోడకాయ వంటిది. గాలిలో తేలుతూ వచ్చి వరి ఆకు మీద వాలగానే దాని కొననుండి ఒక జిగురు వెలువడుతుంది. ఆకు మీద మైనపు పూత ఉంటుంది, నీరు నిలవక జారిపోతుంది. అయినా ఆ జిగురు జారదు. కొద్ది గంటలలో బీజం మొలకెత్తి, ఒక చిన్న పోగును చాపుతుంది. ఆ పోగు కొన ఉబ్బి గుండ్రని బిళ్ళ అవుతుంది. దీనిని అప్రెస్సోరియం అంటారు. అదుముకొనే అవయవం అని ఆ మాటకు అర్థం.

ఇంతవరకు శిలీంధ్రానికి ఆకు ఒక్క మెతుకు కూడా పెట్టలేదన్న సంగతి గమనించాలి. మొలకెత్తడానికి కావలసిన ఖర్చంతా బీజం తన నిలవలనుండే భరిస్తుంది. దారిబత్తెంగా తెచ్చుకొన్న కొవ్వును, గ్లైకోజెన్‌ను కరిగించి గ్లిసరాల్‌గా మార్చి బిళ్ళలో నింపుతుంది. బీజంలోని మూడు అరలూ తమలోని సారాన్ని బిళ్ళకు అప్పగించి చనిపోతాయి. బిళ్ళ గోడ లోపల మెలనిన్ అనే నల్లని పూత ఏర్పడుతుంది. ఆ పూత గుండా నీరు లోపలికి పోగలదు గాని గ్లిసరాల్ బయటికి రాలేదు. అందువల్ల నీరు లోపలికి చొరబడి బిళ్ళ బిగుసుకొంటుంది. అందులోని ఒత్తిడి వాతావరణ పీడనానికి 80 రెట్ల వరకు చేరుతుందని కొలిచారు. మోటారుకారు చక్రంలోని గాలి ఒత్తిడికి ఇది సుమారు 40 రెట్లు. ఆ ఒత్తిడితో బిళ్ళ అడుగునుండి ఒక సన్నని మేకు వెలువడి ఆకు పైపొరను చీల్చుకొని లోపలికి దిగుతుంది. కంటికి కనిపించని జీవి కండబలంతో గోడ పగలగొట్టే దృశ్యం ప్రకృతిలో అరుదు.

రైతులు వాడే ట్రైసైక్లజోల్ అనే మందు చేసే పనిని ఇక్కడే చెప్పుకోవాలి. అది శిలీంధ్రాన్ని నేరుగా చంపదు. మెలనిన్ పూత తయారు కాకుండా అడ్డుకొంటుంది. పూత లేని బిళ్ళలో గ్లిసరాల్ నిలవదు, ఒత్తిడి పుట్టదు, మేకు దిగదు. తెచ్చుకొన్న బత్తెం అయిపోయి బీజం వాకిట్లోనే ఆకలితో చస్తుంది. కనుక ఈ మందు గోడ పగలక ముందు చల్లితేనే ఎక్కువ ఫలితం ఇస్తుంది. అదే మందును వేరే తెగులు మీద చల్లితే ఎందుకు పని చేయదో కూడా దీనినిబట్టి ఊహించవచ్చు. ఒత్తిడితో గోడ పగలగొట్టని శిలీంధ్రానికి ఈ పూతతో పని లేదు.

లోపలికి దిగిన తరువాత శిలీంధ్రం వెంటనే కణాన్ని చంపదు. కణపు పలుచని పొరను చింపకుండా, దానిని దుప్పటిలా కప్పుకొని లోపల పోగులు పరుస్తుంది. కణం బతికే ఉంటుంది, తన ఇంటిలో ఎవరున్నారో దానికి సరిగా తెలియదు. కణాలను కలిపే సన్నని సందుల గుండా శిలీంధ్రం పక్క గదికి పోతుంది. నాలుగైదు రోజులు ఇలా గుట్టుగా గడిచిన తరువాత దాని పద్ధతి మారుతుంది. కణాలు చనిపోతాయి, ఆకు మీద కండె ఆకారపు మచ్చ బయటపడుతుంది. మచ్చ నడుమ ఉన్న బూడిదరంగు భాగంనుండి ప్రతి రాత్రీ వేల కొద్దీ కొత్త బీజాలు గాలిలో కలుస్తాయి. రైతు మచ్చను చూచిన రోజు తెగులుకు మొదటి రోజు కాదు. అప్పటికే అది ఒక విడత భోజనం ముగించి ఉంటుంది.

అది లోపల కోరుకొనే పదార్థాలు ముఖ్యంగా రెండు. ఒకటి ఆకు తయారు చేసిన చక్కెర, రెండవది నత్రజని. యూరియా ఎక్కువైన పైరులో ఆకులు మెత్తబడతాయి, కణాలలో అమైనో ఆమ్లాలు పేరుకొంటాయి, కణపు గోడలకు బలమిచ్చే సిలికా తగ్గుతుంది. గోడ మెత్తనిది, గాదె నిండుగా ఉన్నది! ముదురాకుపచ్చ మడిని చూచి రైతుతోపాటు శిలీంధ్రమూ సంతోషిస్తుందన్నమాట. నత్రజనిని ఒకేసారి గుమ్మరించక దఫదఫాలుగా వేయమని వ్యవసాయశాఖ వారు చెప్పడంలో ఆంతర్యం ఇదే. ఊకబూడిదలో సిలికా ఎక్కువ. దానిని మడిలో చల్లే అలవాటు వెనుక కూడా ఇటువంటి కారణమే కనిపిస్తుంది.

మన మెట్ట ప్రాంతాలలో చోళ్ళు అని పిలిచే రాగి పంటకు కూడా అగ్గితెగులు ఉన్నది. ఆకు మీదనే కాక కంకి కాడ మీద, కంకి వేళ్ళ మీద సోకితే గింజకు పాలు పోయే దారి మూసుకుపోతుంది. ఆ కంకిలో తాలు మిగులుతుంది. వరి మీది తెగ చోడి మీదికి, చోడి మీది తెగ వరి మీదికి సాధారణంగా పోవు. అయినా జాతి ఒక్కటే. అదే జాతికి చెందిన మరొక తెగ 1985లో బ్రెజిల్‌లో గోధుమను పట్టింది. 2016లో సముద్రాలు దాటి బంగ్లాదేశ్ గోధుమ చేలలో కనిపించింది. విజయనగరంలోని వ్యవసాయ పరిశోధన స్థానం చిరుధాన్యాల మీద, ముఖ్యంగా చోడి మీద, దీర్ఘకాలంగా కృషి చేస్తున్నది. అక్కడ రూపొందిన చోడి రకాలలో వేగవతి, సువర్ణముఖి పేర్లు వినగానే ఆ జిల్లావాసులకు తమ నదులు గుర్తుకు వస్తాయి.

ఇక అదే వరిమడిలో మరొక భోక్తను చూద్దాం. దుబ్బు అడుగున, నీటి మట్టానికి కాస్త పైన, ఆకుతొడిమెల మీద పాముపొడ వంటి మచ్చలు కనిపిస్తాయి. అందుచేత దానిని పాముపొడ తెగులు అన్నారు. కలిగించేది రైజోక్టోనియా సొలాని. ఇది గాలిలో ఎగిరే బీజాల మీద ఆధారపడదు. ఆవగింజల వంటి గట్టి ఉండలుగా మారి మట్టిలో ఏళ్ళ తరబడి పడి ఉంటుంది. దమ్ము చేసినపుడు ఆ ఉండలు నీటిపైకి తేలి, కొట్టుకొని వచ్చి వరి దుబ్బులకు అంటుకొంటాయి.

దీని భోజనంలో గుట్టు లేదు. ఆకుతొడిమె మీద పోగులు గుంపుగా పేరుకొని, కణాల గోడలను కరిగించే ఎంజైములను కుమ్మరిస్తాయి. ముందు చంపడం, తరువాత తినడం దీని మర్యాద. బతికి ఉన్న కణంతో స్నేహం నటించవలసిన అవసరం లేదు కనుక దీనికి ఆతిథేయి విషయంలో పట్టింపు కూడా తక్కువ. వరిలో ఉంటుంది, గట్టు మీది గడ్డిలో ఉంటుంది, మొక్కజొన్నలోనూ అపరాలలోనూ ఉంటుంది. అందరి ఇంటా తినే ఈ శిలీంధ్రాన్ని పూర్తిగా తట్టుకొనే వరి రకాన్ని ఇప్పటివరకు సాధించలేకపోయారు. గట్లు శుభ్రం చేయడం, నాట్లు మరీ దగ్గరగా వేయకపోవడం వంటి పాత జాగ్రత్తలే ఇక్కడ ఎక్కువగా అక్కరకు వస్తాయి.

ఈ రెండింటికీ పూర్తిగా భిన్నమైన మర్యాద వేరుశనగ ఆకు అడుగున కనిపిస్తుంది. ఇటుకపొడి అద్దినట్లుండే చిన్న చిన్న పొక్కులు అవి. దీనిని తుప్పు తెగులు అంటారు. తుప్పు జాతి శిలీంధ్రం ఆతిథేయిని చంపదు, చంపితే తనకే నష్టం. చచ్చిన ఆకు మీద అది బతకలేదు. ఆకు కణపు గోడకు చిన్న రంధ్రం చేసి లోపలికి ఒక వేలి వంటి భాగాన్ని చాపుతుంది. ఆ భాగాన్ని హాస్టోరియం అంటారు, తెలుగులో చూషకం అనవచ్చు. ఈ పేరును 1863లో జర్మనీ శాస్త్రజ్ఞుడు ఆంటన్ డి బారీ పెట్టాడు. చూషకం కణంలోకి పోయినట్లు కనిపిస్తుంది గాని కణపు పొర చిరగదు. చేతితో బూరను లోపలికి నొక్కితే బూర వేలి చుట్టూ ముడుచుకొన్నట్లు ఆ పొర చూషకం చుట్టూ ముడుచుకొంటుంది. రెండింటి నడుమ ఒక సన్నని సందు మిగులుతుంది. మొక్కనుండి శిలీంధ్రానికి సరుకు చేరవేసే రేవు ఆ సందే.

చూషకం తన లోపలినుండి హైడ్రోజన్ అయాన్లను ఆ సందులోకి నెడుతుంది. వాటికి తిరిగి లోపలికి రావాలన్న ఒరవడి ఉంటుంది. తిరిగి వచ్చే దారిలో కాపున్న ఒక ప్రోటీన్ వాటిని ఒంటరిగా రానీయదు, ఒక చక్కెర అణువును వెంట తెస్తేనే లోపలికి వదలుతుంది. చిక్కుడుజాతి పంట మీది తుప్పు శిలీంధ్రంలో ఇటువంటి ప్రోటీన్ చూషకాల పొరలోనే ఉన్నదని 2001లో జర్మనీ పరిశోధకులు నిరూపించారు. డి బారీ కేవలం ఆకారం చూచి ఇది పీల్చే అవయవం అని ఊహించిన 138 ఏళ్ళకు పీల్చే యంత్రం దొరికింది.

చలికాలంలో వరి కోసిన మాగాణులలో మినుము, పెసర చేలు ఉంటాయి. వాటి ఆకుల మీద విభూతి చల్లినట్లు కనిపించే బూడిద తెగులు కూడా ఇటువంటిదే. అయితే అది ఇంటిలోనికి పూర్తిగా రాదు. పోగులన్నీ ఆకు పైనే పరచుకొని, పైపొర కణాలలోకి మాత్రం చూషకాలను దింపుతుంది. అరుగు మీద కూర్చొని కిటికీలోంచి చేయి చాపి అన్నం అందుకొన్నట్లు! శరీరమంతా బయటనే ఉండడం వల్ల గంధకపు పొడి వంటి పాతకాలపు మందు కూడా దాని మీద పనిచేస్తుంది. బార్లీ పంట మీది బూడిద తెగులు శిలీంధ్రపు జన్యుపటాన్ని 2010లో ప్రచురించినపుడు ఒక వింత బయటపడింది. స్వతంత్రంగా బతికే శిలీంధ్రాలకు ఉండే అనేక జన్యువులు దానికి లేవు. సిద్ధాన్నానికి అలవాటుపడి వంట మరచిపోయింది. అందుచేతనే దీనిని ప్రయోగశాలలో గాజుపళ్ళెంలో పెంచడం సాధ్యం కాదు. బతికి ఉన్న ఆకు కావాలి.

ఇప్పుడు మొక్క వైపు చూద్దాం. మొక్కకు పారిపోయే కాళ్ళు లేవు. కాని తన కణంలో పరాయివాడు చేరాడని పసిగడితే అది ఒక కఠినమైన పని చేస్తుంది. ఆ కణాన్ని, దాని చుట్టుపక్కల కణాలను తానే చంపుకొంటుంది. బతికిన కణం మీద ఆధారపడే తుప్పుకు, బూడిద తెగులుకు అన్నం పెట్టే చేయి ఆగిపోతుంది. ఆకు మీద సూదిమొన అంత చుక్క మాత్రం మిగులుతుంది, తెగులు అక్కడే అణగిపోతుంది. తెగులు తట్టుకొనే రకాలుగా మనం పిలిచే వాటిలో చాలావాటి రహస్యం ఈ ఆత్మత్యాగమే.

కాని ఇదే ఆయుధం చంపి తినే శిలీంధ్రం ఎదుట ఏమవుతుంది? దీనికి అమెరికా ఓట్స్ చేలు ఒక కఠినమైన పాఠం చెప్పాయి. తుప్పు తెగులును తట్టుకొనే గుణం కోసం విక్టోరియా అనే రకంతో సంకరపరచి రూపొందించిన ఓట్స్ వంగడాలను 1940 దశకంలో అక్కడ విస్తారంగా సాగు చేశారు. తుప్పు తగ్గింది. కొద్ది సంవత్సరాలలోనే అంతవరకు ఎవరూ పట్టించుకోని మరొక శిలీంధ్రం ఆ వంగడాలను మాత్రమే ఏరి మరీ నాశనం చేసింది. అది విడుదల చేసే విషం తుప్పును ఎదిరించే ఏర్పాటునే రెచ్చగొట్టి, మొక్క తన కణాలను తానే చంపుకొనేటట్లు చేస్తుంది. అలా చచ్చిన కణాలే దానికి విందు. ఒక దొంగకు తలుపు మూసే గడియ మరొక దొంగకు తాళంచెవి అయింది. అందుచేత తెగులు తట్టుకొనే రకం అన్నపుడు ఏ తెగులును అని వెంటనే అడగాలి. ఈ ప్రశ్న అడగకుండా విత్తనం కొనేవారు ఇప్పటికీ తక్కువమంది కాదు.

ఉత్తర కోస్తా మెట్టపొలాలలో చెరకు ఒకప్పటినుండీ ముఖ్యమైన వాణిజ్య పంట. ఎర్రకుళ్ళు తెగులు దానికి పాత శత్రువు. పంతొమ్మిదవ శతాబ్ది చివరి దశకంలో గోదావరి ప్రాంతపు చెరకు తోటలను ఈ తెగులు దెబ్బతీసింది. ఆ తరువాత 1902లో సామర్లకోటలో చెరకు పరిశోధన క్షేత్రం ఏర్పడింది. మేలైన, తెగులు లేని చెరకును వెతకడానికి సి.ఏ. బార్బర్ అక్కడ పూనుకొన్నాడు. తరువాతి కాలంలో అనకాపల్లి పరిశోధన కేంద్రం ఆ పనిని కొనసాగించింది.

ఎర్రకుళ్ళు పట్టిన గడను నిలువునా చీల్చి చూస్తే లోపల ఎర్రగా ఉండి, మధ్య మధ్య అడ్డంగా తెల్లని మచ్చలు కనిపిస్తాయి. పులిసిన వాసన వస్తుంది. గడలో మొక్క దాచుకొన్నది సుక్రోజ్ అనే చక్కెర. ఈ శిలీంధ్రం ఇన్వర్టేజ్ అనే ఎంజైమును వదలి సుక్రోజ్‌ను గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అనే రెండు చిన్న చక్కెరలుగా చీలుస్తుంది. అది పీల్చుకోగలిగినంత పీల్చుకొంటుంది. మిగిలినది రసంలోనే ఉంటుంది. మిల్లుకు అదే శాపం. ఆ విడిపోయిన చక్కెర స్ఫటికాలు కట్టక, మడ్డిగా జారిపోతుంది. బెల్లం వండితే అచ్చు గట్టిపడదు. శిలీంధ్రం తిన్నది కొంత, తినలేక పాడుచేసినది మరికొంత. తెగులు నాటే ముచ్చెల ద్వారానే వస్తుంది కనుక, కోత చివర ఎర్రదనం ఉన్న ముచ్చెను నాటకుండా పక్కన పెట్టడం మందుకంటె మేలైన పని.

గంటెల పంటను పట్టే తేనెబంక తెగులు మరీ తెలివైనది. పూత సమయంలో అండాశయంలోనికి చొరబడి, గింజ స్థానంలో తానే కూర్చొంటుంది. ఆకులనుండి గింజకని బయలుదేరిన చక్కెర రసం దానికి అందుతుంది. ఎక్కువైన రసాన్ని తన బీజాలతో కలిపి తేనె వంటి బొట్లుగా కంకి మీద వదలుతుంది. ఆ తీపికి ఈగలు మూగి, బీజాలను పక్క కంకికి మోస్తాయి. తాను దొంగిలించిన సొత్తులోనుండే కూలివారికి కూలి ఇచ్చే దొంగ ఇది. చివరికి గింజ చోట నల్లని గట్టి ఉండ మిగులుతుంది. విత్తనాన్ని ఉప్పునీటిలో పోస్తే అవి పైకి తేలుతాయి.

బలిసిన పైరునే శిలీంధ్రాలు వెతుకుతాయని అనుకోరాదు. వరిలో గోధుమరంగు మచ్చ తెగులు ఉన్నది. పోషకాలు చాలని తేలిక నేలలలో, పొటాష్ లోపించిన చేలలో, బెట్టకు గురైన పైరులో ఇది ఎక్కువ. అగ్గితెగులు కలిగినింటి బంధువైతే, ఇది లేనింటిని వెతుక్కొని వచ్చే బంధువు. తన విషంతో ఆకు కణాలను చంపి తింటుంది. 1942లో బెంగాల్‌లో ఈ తెగులు వరిని తీవ్రంగా దెబ్బతీసింది. అదే సంవత్సరం అక్టోబరులో తుఫాను కూడా వచ్చింది. 1943లో ఘోరమైన కరువు సంభవించి 20 నుండి 30 లక్షల మంది మరణించారని అంచనా. ఆ కరువుకు తెగులే ప్రధాన కారణమని, కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థకు సారథ్యం వహించిన ఎస్.వై. పద్మనాభన్ 1973లో ఒక వ్యాసంలో వాదించాడు. అన్నం లేక కాదు, కొనే శక్తి లేక జనం చనిపోయారని అమర్త్యసేన్ 1981లో ప్రకటించిన గ్రంథంలో వాదించాడు. యుద్ధకాలపు ధరలు, ప్రభుత్వ విధానాల పాత్రను కాదనలేము. శిలీంధ్రం ధాన్యాన్ని తినగలదు గాని, ఉన్న ధాన్యాన్ని ఎవరికి పంచాలో నిర్ణయించలేదు గదా!

కొబ్బరిలో మొవ్వుకుళ్ళు, గోగులో మొదలుకుళ్ళు శ్రీకాకుళం రైతులకు బాగా తెలిసినవే. వాటిని కలిగించే ఫైటోఫ్తొరా కూడా పోగులతో, బయటి జీర్ణక్రియతో బతుకుతుంది. కాని దాని గోడ ముఖ్యంగా సెల్యులోజ్‌తో కట్టినది. వంశవృక్షంలో అది శిలీంధ్రాలకు దూరపు జీవి. వేషం ఒకటే, వంశం వేరు.

మనిషి దేహం కూడా ఆతిథేయి కాకపోలేదు. తామర శిలీంధ్రం చర్మపు పైపొరలో, వెంట్రుకలో, గోటిలో ఉండే కెరాటిన్ అనే ప్రోటీన్‌ను కరిగించి తింటుంది. ఆ పొర అప్పటికే చచ్చినది కనుక తామర సాధారణంగా లోపలికి పోదు. 2021లో కోవిడ్ రెండవ ఉధృతి నాడు మన రాష్ట్రంలో భయపెట్టిన నల్ల ఫంగస్ అలాంటిది కాదు. దాని పెరుగుదలకు ఇనుము కావాలి. ఆరోగ్యవంతుని రక్తంలో ఇనుమును కొన్ని ప్రోటీన్లు గట్టిగా పట్టుకొని ఉంటాయి. మధుమేహం అదుపు తప్పి రక్తం ఆమ్లంగా మారినపుడు ఆ పట్టు సడలుతుంది. ఇనుము విడుదలవుతుంది, చక్కెర ఎలాగూ ఎక్కువగానే ఉంటుంది. శిలీంధ్రానికి కావలసిన రెండూ ఒకేచోట దొరుకుతాయి. ఆ సంవత్సరం మే నెలలో ప్రభుత్వం ఈ వ్యాధి చికిత్సను ఆరోగ్యశ్రీ పథకంలో చేర్చింది. ఆకు మీద యూరియా చేసిన పని, దేహంలో అదుపు తప్పిన చక్కెర చేసిన పని పోల్చదగినవే.

ఆకు పట్టుకొని వచ్చిన రైతును తెలిసినవారు ముందు మూడు సంగతులు అడుగుతారు. మచ్చ ఆకు మీద ఉన్నదా, దుబ్బు మొదట ఉన్నదా? యూరియా ఎప్పుడు, ఎంత వేశారు? నాటిన రకం ఏది? ఈ మూడింటికి జవాబు వస్తే భోక్త ఎవరో, దాని భోజన పద్ధతి ఏదో చాలావరకు తెలిసిపోతుంది.

ఇందుకు పూర్తిగా విరుద్ధంగా కనిపించే పని పరిశోధన క్షేత్రాలలో జరుగుతుంది. అగ్గితెగులును తట్టుకొనే రకాలను ఎంపిక చేయడానికి శాస్త్రజ్ఞులు ప్రత్యేకంగా ఒక నారుమడి పోస్తారు. పరీక్షించవలసిన రకాలను వరుసకొకటిగా విత్తి, వాటి చుట్టూ తెగులుకు తేలికగా లొంగే రకాన్ని కంచెలాగా వేస్తారు. నత్రజనిని అవసరానికి మించి వేస్తారు. సాయంకాలం నీళ్ళు చల్లి, రాత్రి మంచు ఆరిపోకుండా ప్లాస్టిక్ పట్టా కప్పుతారు. తెగులు రానప్పుడు బీజాలను తెచ్చి చల్లడం కూడా కద్దు. రైతు మడిలో చేయవద్దని చెప్పేవన్నీ అక్కడ చేస్తారు. ఆ ఒక్క మడిలో మాత్రం శిలీంధ్రానికి పిలుపూ ఉన్నది, పీటా ఉన్నది. కొన్ని వారాల తరువాత శాస్త్రజ్ఞుడు వరుస వెంట వంగి నడుస్తూ, ఒక్కొక్క రకం ఆకుల మీది మచ్చలను చూచి సున్నానుండి తొమ్మిది వరకు అంకె వేస్తాడు. చుట్టూ కంచె వరుసలు మాడిపోయి ఉండగా, నడుమ ఎక్కడో సూదిమొన చుక్కలతో పచ్చగా నిలిచిన వరుస దగ్గర అతడు ఆగి, ఆ వరుస సంఖ్యను పుస్తకంలో రాసుకొంటాడు.